ఏడో ఈక

అక్కా,

నేను కులాసా. ఉద్యోగం ఊడిందని ఎవరైనా చెబితే నమ్మకు, డిపోలో చీవాట్లు పెట్టి వదిలేశారు. కొత్త వంతెన గుర్తుగా వేసిన నాణెం మీద కొంగకు ఆరు ఈకలుంటాయి. రెండో అచ్చుతో కొట్టిన కొన్నిటికే ఏడు, వాటికి మహా గిరాకీ. మొన్న బస్సులో టికెట్లు ఆపి భూతద్దంతో ఈకలు లెక్కపెడుతుంటే, "కండక్టరూ, అది గుడ్డు పెట్టేదాకా రైట్ చెప్పవా?" అని ఒకావిడ అరిచింది. తీరా చూస్తే ఆరే!

ఏడీకలది నీకిచ్చిన చిల్లరలో కలిసిపోయిందేమోనని నా బెంగ. పంచదార డబ్బాలో వెతుకు. బావకు చెప్పకు, సిగరెట్లకు తగలేస్తాడు. మూడో కంటికి తెలియనివ్వకు. నీ మోకాలు ఎలా ఉంది? చంటిదానికి ముద్దులు.

నీ తమ్ముడు

పోస్ట్‌మాన్ గారూ, ఈ కార్డు మీరూ చదువుతారని ఇప్పుడే తట్టింది. దయచేసి ఈ వారం మా అక్కను చిల్లర అడక్కండి.