తెగిన బెల్టు చప్పుడు

బిలాస్‌పూర్
9-6-93

నాన్నా,

కార్డు చూసి కంగారు పడకండి, అందరం కులాసాయే.

శుక్రవారం మా పక్క క్వార్టర్ శేషగిరిరావుగారి కారు కదలనని మొండికేసింది. మర్నాడే వాళ్ళమ్మాయి పెళ్ళి. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు గొట్టం ఊదాడు, ఆఖరికి ఇంజను మొత్తం దింపాలి, వారం పడతాదన్నాడు. నేను గోడ ఇవతల బట్టలారేస్తూ విన్నాను. సెల్ఫ్ కొడితే ఇంజను బరువు లేకుండా గిర్రున తిరుగుతోంది. మీ రైసుమిల్లులో బెల్టు తెగినప్పుడు మోటారు ఇలాగే ఉత్తినే ఉరికేది కదా! ఉండబట్టలేక "లోపల బెల్టు తెగిపోనాది, చూడండి" అనీసాను. మీ అల్లుడు నలుగురిలో "నీకేటి తెలుసు, లోపలికెళ్ళు" అన్నారు. మెకానిక్ నవ్వి "బహెన్‌జీ, ఇది ఆటా చక్కీ కాదు" అన్నాడు, పిండిమర కాదని. శేషగిరిరావుగారే పట్టుబట్టి పక్క మూత విప్పించారు. బెల్టు రెండుగా తెగి ఉంది! మెకానిక్ మొహం చూడాలి మీరు. కొత్తది వేసి, చక్రాల మీది గుర్తులు కలిపి బిగించగానే కారు స్టార్టయింది. పెళ్ళికూతురు అందులోనే మండపానికెళ్ళింది.

మీ దగ్గు తగ్గిందా? తమ్ముడి పరీక్షలేటయ్యాయి? ఎవరైనా ఇటొస్తే కొత్త చింతపండు రెండు కేజీలు పంపండి. అమ్మకి నా దండాలు.

ఇంట్లో కవరుండగా కావాలనే కార్డు రాశాను. ఆడపిల్లని మిల్లులో తిప్పుతున్నావని మిమ్మల్ని అన్నవాళ్ళంతా చదవాలి. దీన్ని పోస్టు డబ్బాలో వేసేది మీ అల్లుడే. ఆయనా చదువుతారు.

మీ అమ్మాయి,
వరహాలు