తుపాకికి ఊతకాళ్లు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గొట్టంలో మందు కూరి పేల్చే నీ తుపాకిని ఈ పొద్దున జార్‌బ్రూకెన్ నుంచి వచ్చిన ముసలాయన కొనుక్కుపోయాడు. జర్మనీలో అలాంటి తుపాకితో వేటకు చట్టం ఒప్పుకోక సరిహద్దు దాటి ఫ్రాన్స్ అడవులకు మోసుకెళ్లేవాడివి. చేతులు వణకడం మొదలయ్యాక నువ్వు దానికి బిగించుకున్న రెండు కాళ్ల బైపాడ్‌ను మాత్రం ఆయన విప్పి బల్ల మీద పడేశాడు.

"పాత తుపాకికి ఊతకాళ్లా? సిగ్గుచేటు," అన్నాడు.

"బైబిల్లో, తనవాళ్లు యుద్ధం గెలవాలని పైకెత్తిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోపక్క ఎత్తి పట్టుకున్నారు. అదీ సిగ్గుచేటేనా?" అని గర్జించాను.

"తుపాకి కొనేవాళ్లకూ బైబిలు వాక్యమేనా మరిదీ, వదిలెయ్," అంది వదిన, బైపాడ్‌ను ఒడిలోకి తీసుకుంటూ.

ఆఖరి రోజు ఆసుపత్రిలో నీ చేతుల్ని చెరోపక్క పట్టుకున్నది మేమిద్దరమే. మోషే చేతులు పొద్దుగూకేదాకా నిలిచాయి, అన్నయ్యా. నీవి మధ్యాహ్నానికే చల్లబడ్డాయి.