ఆల్ఫీ అంకుల్ పడిన రోజు

4 ఆగస్టు 1999

ఫిజియోథెరపీకి కొత్త పేషెంటు. సింగపూర్ తూర్పు చివర పాసిర్ రిస్‌లో ఫ్లాట్. పేరు ఆల్ఫీ గ్రిమ్‌షా, డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు ఇంగ్లండు సినిమాల్లో కామెడీ నటుడట. ఎప్పుడూ వినలేదండీ అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నారు. నా నోటికి అదుపు ఎప్పుడొస్తుందో!

కూతురు హెలెన్‌ది మా ఆయనలాగే వైటూకే కంప్యూటర్ల ఉద్యోగం. ఇంటికి వచ్చేది నిద్రకే. గుమ్మం దగ్గర నన్ను ఆపి చెప్పింది. ఇప్పటికి రెండుసార్లు పడ్డారట. ఇంకోసారి పడితే ఇంగ్లండులో వృద్ధాశ్రమానికి పంపక తప్పదట. ఆయన వింటూనే ఉన్నారు.

11 ఆగస్టు

పడకుండా చూడటం నా పని. ఈయన బతుకంతా పడటమే!

పద్నాలుగేళ్ళకే నాటకాల కంపెనీలో చేరి నిచ్చెన మీంచి పడేవారట. యుద్ధం అయ్యాక సినిమాలు. వెయిటరు, పోస్ట్‌మ్యాను, పెళ్ళికొడుకు తమ్ముడు. హీరో మాత్రం ఎప్పుడూ కాదు. మెట్ల మీంచి, సైకిల్ మీంచి, పడవలోంచి పడ్డారు. ఆ ఒక్క సీను కోసమే జనం వచ్చేవారట, ఆయన మాటే. పక్కటెముకలు కూడా విరిగాయి. తర్వాత మాటలతో నవ్వించే కుర్రాళ్ళు వచ్చారు. ఇంట్లో ఫోను మోగడం మానేసింది.

కబుర్లన్నీ వాకర్ పట్టుకోకుండా తప్పించుకోవడానికే. పట్టించాను.

19 ఆగస్టు

ఎక్సర్‌సైజు ఎగ్గొట్టి ఆయన సినిమా క్యాసెట్ చూశాం. మెట్ల మీంచి దొర్లే ముందు తాపీగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ప్రతి సినిమాలోనూ అంతేనట. పగిలి కంట్లో గుచ్చుకుంటుందని మొదలుపెట్టిన అలవాటు. అది తీయగానే హాల్లో నవ్వులు మొదలయ్యేవట.

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వొచ్చింది. ఆయన టీవీ చూడలేదు. నన్నే చూస్తూ కూర్చున్నారు.

29 ఆగస్టు, ఆదివారం

హెలెన్‌కి ఎన్నాళ్ళకో సెలవు దొరికింది. ముగ్గురం బెడోక్ హాకర్ సెంటర్‌కి తినడానికి వెళ్ళాం. టిష్యూ ప్యాకెట్ పెట్టి ఇక్కడి పద్ధతిలో టేబుల్ మాదని చోప్ చేస్తున్నాను, వెనక దబ్బుమని చప్పుడు. అంకుల్ నేల మీద, పక్కన నూడుల్స్. హెలెన్ ముఖం పాలిపోయింది. అంతలో ఆయన లేచి కూర్చుని, ఖాళీ గిన్నె నెత్తిన పెట్టుకుని, రాజుగారిలా అందరికీ చెయ్యి ఊపారు. జనం చప్పట్లు. డ్రింక్స్ స్టాల్ ఆంటీ సింగపూర్ యాసలో "ఇంకోసారి లా" అంది. హెలెన్ కూడా పడీపడీ నవ్వింది.

లేపుతుంటే చూశాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

30 ఆగస్టు

చెప్పాలి. హెలెన్‌కి చెబితే ఆయన్ని ఇంగ్లండు పంపేస్తుంది, చెప్పను. చెప్పాలి.

1 సెప్టెంబరు

హెలెన్ వంటగదిలోకి పిలిచి, నాన్న కావాలనే పడ్డారు కదా అని అడిగింది. అవునన్నాను. అబద్ధం.

ఆమె కప్పులు కడుగుతూనే అంది. "కళ్ళజోడు తీయలేదు, రజితా."

చిన్నప్పుడు ఆయన ఇంట్లో రిహార్సల్ చేస్తుంటే కళ్ళజోడు పట్టుకునే డ్యూటీ తనదేనట. మరి మీరెందుకు నవ్వారని అడిగాను.

"ఆయన అంత కష్టపడి నవ్విస్తుంటే నవ్వకుండా ఎలా ఉంటాను?"

ఇద్దరం సింకు దగ్గరే ఏడ్చాం. రేపట్నుంచి రోజూ రాగలవా అని అడిగింది. ఇంగ్లండు మాట ఎత్తలేదు.

9 సెప్టెంబరు

హాల్లో, బాత్రూమ్‌లో గోడలకి స్టీలు కడ్డీలు బిగించారు. ముసలి చుట్టాలు వస్తున్నారు, వాళ్ళ కోసమని హెలెన్ చెప్పింది. పాపం ముసలివాళ్ళు అని అంకుల్ జాలిపడ్డారు, కడ్డీ పట్టుకుని.