అదే గుంటలో

గురజాల, జులై 1964

ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలు.

తమరు అడిగిన క్షమాపణ రాస్తున్నాను. వాదించే ఓపిక ఇక లేదు.

నిరుటి వనమహోత్సవంలో అతిథిగారు నాటిన వేపమొక్కకు హాస్టల్ విద్యార్థులం స్నానాల నీళ్లు తగ్గించుకుని పోశాం. అది భుజందాకా ఎదిగింది. ఈ ఏటి అతిథి కోసం నాపరాయి నేలలో కొత్త గుంట తవ్వలేమని, తమరు దాన్నే పీకమన్నారు. మేం చుట్టూ కూర్చున్నాం. “బతికినదాన్ని పీకేదేంది సార్?” అని అరిచింది నేనే, నా పక్కన కూర్చున్న ప్రభుదాసు కాదు. అతని స్కాలర్‌షిప్ ఆపకండి.

దాన్ని పీకేసి ఆ గుంటలోనే కొత్త మొక్క నాటారని నిన్న తెలిసింది. నా సస్పెన్షన్ ముగిసేదాకా సాయంత్రాలు గేటులోకి రానివ్వండి. నీళ్లు పోసి వెళ్లిపోతాను.

ఇది కూడా బతుకుతుంది. వచ్చే ఏటికి ఇంకో గుంట ఇప్పటినుంచే తవ్వించండి.

తమ విద్యార్థి,
బి.ఏ. రెండో సంవత్సరం