నిన్ను కోసి గోడలు నిలబెట్టిండ్రు

ఏమే, మొన్నొకనాడు పొద్దుగాల చాయ్ల బిస్కెట్ మునిగిపాయె. ఆ కోపం దిగకముందే నీ కొడుకు ఇంకో మంట పెట్టిండు.

నువ్వు పోయి ఏడాదైతదని మన ఇంటి పాత ఫోటో పెద్దగ చెయ్యమని స్టూడియోల ఇచ్చిండు. కింద నుంచి పైకి తీసింది కదా, ఇల్లు ఎనకకు ఒరిగినట్టుంటది. వాళ్లు కంప్యూటర్ల గోడలు నిటారుగ గుంజిండ్రు. గుంజితే పక్కల అంచులు కోసెయ్యాలంట. ఫోటో అంటే సిగ్గుపడి మూలకు నిలబడ్డవ్ సూడు, ఆ కోతల నువ్వే పోయినవ్.

"నాయినా, గోడలెంత సక్కగైనయో సూడు!" అన్నడు.

"గోడలకు దండేస్తవార, గాడిదా? పాతదేది?"

"చినిగింది, పారేసిన."

నీది ఇంకో ఫోటో లేదు. వాడు ఆ కోసిన ఫోటోనే నడింట్ల తగిలేసిండు. అప్పటినుంచి రోజూ పటం వంకరైతుంటే మేకు మారుస్తడు, గోడను తిడతడు. ఎవ్వరికీ చెప్పకు, వంకర చేసేది నేనే.