బల్బు కింద తొమ్మిది బాతుపిల్లలు

ఎనిమిది గంటల బస్సు

అక్కా, నమస్కారం.

క్షేమ సమాచారాలకి తీరిక లేదు. నీకు ఫోనులో సరిగ్గా వినపడదు కాబట్టి ఈ కాగితం కండక్టరు చేతికిస్తున్నాను. గంటలో నీకు చేరుతుంది. పిల్లల్ని తెచ్చుకున్నానని మొన్న అతనితోనే కబురు చేశాను కదా. నాలుగు రోజులు హాయిగా గడిచాయి. షాపులో గడియారాలు బాగుచేసే బల్ల పక్కనే అట్టపెట్టె, అందులో ఎండుగడ్డి, పైన అరవై వాట్ల బల్బు. పొద్దున వచ్చి చూస్తే బల్బు మాడిపోయి ఉంది. ఎనిమిదీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా పడుకున్నాయి. చిన్నది మాత్రం నీళ్ళపళ్ళెంలో పడి తడిసి ముద్దయి, ఓ మూల పడి ఉంది. కాళ్ళు మంచుముక్కలు. మెడ నిలపడం లేదు. ముప్పై ఏళ్ళు పసిపిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదానివి, నువ్వే దిక్కు.

కాళ్ళూ చేతులూ ఆడని
నీ తమ్ముడు

తా.క. వేడినీళ్ళ బకెట్లో ముంచనా?

తొమ్మిదిన్నర బస్సు

తమ్ముడూ,

ముందా బకెట్ అవతల పెట్టు! ముంచితే గుండె ఆగిపోతుంది. పొడిబట్టతో మెల్లగా ఒత్తి తడి తియ్యి, రుద్దకు. చొక్కా బొత్తాలు విప్పి నీ గుండెకి ఆనించుకుని పైన దుప్పటి కప్పుకో. వేడి నెమ్మదిగా ఎక్కాలి. ఒళ్ళు వెచ్చబడి, మెడ నిలిపేదాకా నోట్లో చుక్క కూడా పొయ్యకు, పొరబోతుంది. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు పంచదార కలిపి ఒక్కొక్క చుక్కా పట్టు.

కండక్టరు చెప్తే వేళాకోళమనుకున్నాను. యాభై ఏళ్ళ బ్రహ్మచారివి, పిల్లలెక్కణ్ణించి వచ్చారురా? తల్లి ఏది? ఒంటి రంగెలా ఉంది?

హారన్ కొడుతున్న బస్సు పక్కన నిలబడి రాస్తున్న
అక్క

తా.క. "ఎనిమిదీ పడుకున్నాయి" ఏమిట్రా? పసివాళ్ళని గొడ్లలా లెక్కపెడతావా? ఎనిమిదిమంది!

పదకొండు గంటల బస్సు

అక్కా,

నువ్వన్నట్టే చేశాను. ఇప్పుడు నా చొక్కాలో ఉంది. ఎడంచేత్తో రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదువుకో. గుండె కొట్టుకుంటోందో లేదో చూద్దామంటే నా గుండె చప్పుడే అడ్డొస్తోంది. గడియారం కోసం వచ్చినాయన్ని "ష్" అని గుమ్మంలోంచే పంపేశాను.

తల్లెవరో నాకేం తెలుసు? సంతలో బుట్టలో పెట్టి అమ్ముతుంటే తొమ్మిదిమందినీ కొనుక్కొచ్చాను. కాస్త ఎదిగాక పెరట్లో వదిలేస్తే నత్తలు తిని బతుకుతారు. రంగంటావా, పుట్టినప్పట్నించీ నిమ్మపండు పసుపే.

ఊపిరి బిగబట్టిన
తమ్ముడు

తా.క. తప్పంతా నాదేనేమో. నిన్న టబ్బులో ఈతకి వదిలాను. అప్పట్నించే నీరసంగా ఉంది.

పన్నెండున్నర బస్సు

ఒరేయ్,

వారం నిండని పసిగుడ్డుకి ఈతా? సంతలో కొన్నావా? నత్తలా? నిమ్మపండు పసుపంటే కామెర్లురా! కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని కదలకు. ఈ కాగితం వెనకాలే తర్వాతి బస్సులో నేనూ వస్తున్నాను. పక్కింటి హెడ్ కానిస్టేబుల్ కూడా వస్తున్నాడు. నీ మీద కేసు పెట్టాలా వద్దా అన్నది అక్కడికొచ్చి ఆలోచిస్తాం.

నీకు అక్కగా పుట్టి తలదించుకున్న
అక్క

తా.క. తొమ్మిది పాలసీసాలు తెస్తున్నాను. ఈలోగా ఎవరికైనా నత్త పెట్టావో, చంపేస్తాను.

ఆరు గంటల బస్సు

అక్కా,

బతికింది! రెండింటికి కళ్ళు తెరిచింది. ఏడు చుక్కలు తాగింది. తాగినదంతా నా బనీను మీదే వదిలింది, అయినా బంగారుకొండ! ఒళ్ళు పూర్తిగా ఆరి, నిలబడి అరవడం మొదలెట్టాకే మిగతావాళ్ళ మధ్య వదిలాను. జరిగి చోటిచ్చారు. కొత్త బల్బు వేశాను. చలికి కుప్పపడితే బల్బుని కిందికి దించుతున్నాను, నోళ్ళు తెరిచి దూరం జరిగితే పైకెత్తుతున్నాను.

వస్తానని రాలేదేం? కోపమా? మధ్యాహ్నం కునుకు తీసినంతసేపు తప్ప గుమ్మంవైపే చూస్తున్నాను.

నీ మాటే మందైన
తమ్ముడు

తా.క. పోలీసు దేనికి? బాతుల్ని పెంచడానికి లైసెన్సు కావాలా?

మర్నాడు, మొదటి బస్సు

తమ్ముడికి,

వచ్చానురా. షాపు తలుపు తోయబోతూ అద్దంలోంచి చూశాం. నువ్వు కుర్చీలో నిద్రపోతున్నావు. చొక్కా సందులోంచి ఒక చప్పిడి ముక్కు బయటికొచ్చి ఉంది.

"అమ్మా, అది బాతండీ" అన్నాడు కానిస్టేబుల్.

"నాకూ కళ్ళున్నాయి" అన్నాను.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అప్పుడు నీ చేతులు చూశాను. ఒకటి దాని వీపు కింద, ఒకటి పైన, నిద్రలో కూడా సడలలేదు. వార్డులో ఎందరో తండ్రులకి నేర్పాను. గాజుసామాను పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్ళు. నీకెవరు నేర్పార్రా?

తలుపు చప్పుడైతే అది ఉలిక్కిపడుతుందనిపించింది. నీకు మొహం చూపించాలన్నా సిగ్గేసింది. పాలసీసాలతో సహా తిరుగుబస్సెక్కేశాం. కామెర్ల మాట మరిచిపో. ఈత మాత్రం రెక్కల్లో ఈకలొచ్చేదాకా వద్దు.

నీ
అక్క

తా.క. ఆదివారం వస్తాను, ఈసారి తలుపు కొడతాను. చిన్నదాన్ని కాసేపు నాకివ్వు. రిటైరయ్యాక నా గుండె మీద ఎవరూ పడుకోలేదు.