కుర్చీ నుంచి ఊడదీసిన చిన్న చక్రాలు

ఏమండీ,

అన్నం బల్ల మీద మూతపెట్టి ఉంచాను. మీ చక్రాల కుర్చీ ఛార్జింగ్‌లో ఉంది, పచ్చలైటు వెలిగేదాకా తీయకండి. ఈ లావు టైర్లు వేశాక బ్యాటరీ ఇదివరకటంత సేపు రావడం లేదు.

కుర్చీ వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు రెండూ కిటికీలో పెట్టాను. రాళ్లకు తగులుతున్నాయని మీరూ మా తమ్ముడూ ఊడదీసి పారేశారు. వాడికి వెల్డింగ్ వచ్చు గానీ వెనకాముందూ చూడ్డం రాదు. నిన్న పెరట్లో గట్టు ఎక్కుతుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. "దేవుడున్నాడులేవే" అన్నారు మీరు. ఉన్నాడు, రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని నాకు తెలీదా? ఆ చిన్న చక్రాలు కూడా ఆయనే పెట్టించాడని ఎందుకనుకోరు?

మన పాప సమాధి ఉన్న గుట్ట మీదికి ఒక్కరే వెళ్లకండి. కుర్చీ తాళంచెవి నాతో పనికి పట్టుకుపోదామనుకున్నాను. మీ కాళ్లు పట్టుకుపోయినట్టు ఉంటుందని ఇక్కడే పెడుతున్నాను.

చెప్పడం మర్చిపోయాను. సెలవడిగి మధ్యాహ్నమే వచ్చేస్తాను. గుట్ట మీదికి మీరు కుర్చీ పోనివ్వండి, నేను వెనక పట్టుకుని నడుస్తాను. కాళ్లుండి కూడా, పాపను అక్కడ ఉంచి వచ్చిన ఆ రోజు తర్వాత నేనూ మళ్లీ అక్కడికి పోలేకపోయాను.